సమాచార సాంకేతికత – విశ్వాసి బాధ్యత

సకల లోకాలను సృష్టించి, మానవునికి తెలియని దానిని నేర్పిన అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక అని వేడుకుంటున్నాము.

ధార్మిక సోదరులారా!

నేడు మస్జిదులో అడుగుపెట్టగానే గోడపై ఒక విన్నపం కనిపిస్తుంది: సెల్‌ఫోన్లు ఆపివేయండి. మన తాతలు నమాజు చేసిన మస్జిదుల గోడలకు ఈ విన్నపం అవసరం కాలేదు. నేడు అది లేని మస్జిదు అరుదు. ఒక యంత్రం మన జేబులో కూర్చుని దైవసన్నిధి దాకా మన వెంట వస్తున్నది. అటువంటప్పుడు దాని గురించి మింబరు మీది నుండి మాట్లాడుకోవడం అనుచితం కాదు, అవసరం. ధర్మం మన మాటను, వినికిడిని, చూపును, ధనాన్ని, కాలాన్ని గురించి మాట్లాడుతుంది. ఈ ఐదూ నేడు ఆ యంత్రం గుండానే నడుస్తున్నాయి.

సమాచార సాంకేతికత అంటే ఏమిటి?

ఈ పేరు పెద్దదే గాని, విషయం అర్థం కానంతటిది కాదు. కంప్యూటరుకు తెలిసినవి రెండే గుర్తులు: సున్న, ఒకటి. మన అక్షరమైనా, మన గొంతైనా, పిల్లవాని ఫొటో అయినా, బ్యాంకులోని రూపాయి అయినా ఈ రెండు గుర్తుల వరుసలుగా మారుతుంది. ఆ వరుసలను భద్రపరచడం, లెక్కించడం, ఒకచోటి నుండి మరొకచోటికి చేరవేయడం – ఈ మూడు పనుల శాస్త్రమే సమాచార సాంకేతికత.

కడపలో పుట్టిన బిడ్డ ఫొటోను కువైట్‌లో ఉన్న తండ్రికి పంపినప్పుడు జరిగేది ఇదే. ఫోను ఆ చిత్రాన్ని అంకెలుగా మార్చి, చిన్న చిన్న ముక్కలుగా విడగొడుతుంది. అవి గాలిలో తరంగాలుగా టవరును చేరి, అక్కడి నుండి గాజు తీగలలో కాంతిగా ప్రయాణించి, సముద్రగర్భంలోని కేబుళ్లను దాటి, ఆవలి ఒడ్డున మళ్ళీ ఒక్కటై బిడ్డ ముఖంగా కనిపిస్తాయి. ఒకప్పుడు గల్ఫ్‌కు వెళ్ళిన వాని క్షేమం తెలియడానికి వారాల తరబడి ఉత్తరం కోసం ఎదురుచూసిన తల్లులు మన మధ్య ఇంకా ఉన్నారు. ఈ వరం విలువ వారిని అడిగితే చెప్తారు.

సోదరులారా! ఈ విద్య మనకు పరాయిది కూడా కాదు. కంప్యూటరు అనుసరించే పద్ధతిని అల్గారిథం అంటారు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్ భాషలో రూపం మారగా ఆ మాట పుట్టింది. ఆయన మన భారతదేశపు అంకెల విధానాన్ని, సున్నతో సహా, అరబ్బీలో వివరించారు. అక్కడి నుండి అది ఐరోపాకు చేరింది. పదకొండో శతాబ్దంలో అల్ బిరూనీ గజ్నీ నగరం నుండి ఖిబ్లా దిశను సరిగా నిర్ణయించడానికి పట్టణాల మధ్య దూరాలను, స్థానాలను లెక్కకట్టి ఒక గ్రంథమే రచించారు. ఆయన ఎంతో శ్రమించి సాధించిన లెక్కను నేడు ఫోను క్షణంలో చూపుతున్నది. కాని పూర్వీకుల ఘనత మన కర్తవ్యాన్ని తీర్చదు. వారు జ్ఞానాన్ని ఆరాధనకు, ప్రజాహితానికి ఉపయోగించారు. మనం దేనికి ఉపయోగిస్తున్నామన్నదే నేటి ప్రశ్న.

నిత్యజీవితంలో ఈ వరం

2011లో మొదలైన మీసేవ కేంద్రాలతో ఆదాయ ధ్రువపత్రం నుండి భూమి నకలు వరకు కంప్యూటరు ద్వారానే వస్తున్నాయి. 2016లో వచ్చిన యూపీఐతో కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతోనే డబ్బు చెల్లిస్తున్నాము. విద్యార్థి ఉపకారవేతనం, పింఛను, హజ్ దరఖాస్తు – అన్నీ తెర మీదనే. ఇది దైవానుగ్రహం. అనుగ్రహానికి కృతజ్ఞత నోటితో చెప్పి ఊరుకుంటే తీరదు, ఇచ్చినవాడు మెచ్చే విధంగా వాడినప్పుడే తీరుతుంది.

అయితే ఒక్క విషయం గమనించండి. చదువురాని వితంతువు, కళ్ళు సరిగా కనిపించని వృద్ధుడు ఈ తెర ముందు నిస్సహాయులు. తమ హక్కు కోసం వారు ఎవరినో ప్రాధేయపడవలసి వస్తున్నది. వారి దరఖాస్తును ఓపికగా, ఉచితంగా, వారి రహస్యాలను కాపాడుతూ నింపి ఇచ్చే యువకుడు దానం చేసినవాడే.

వార్తను నిర్ధారించుకోండి

ఇక అన్నింటికన్నా గంభీరమైన విషయానికి వద్దాము. దుర్మార్గుడు ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు తేల్చుకోవాలని, తెలియక ఎవరికైనా హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోవద్దని హుజురాత్ సూరాలో అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. విన్న ప్రతి మాటనూ చెప్పుకుంటూ పోవడమే మనిషిని అబద్ధాలకోరును చేయడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

దైవప్రవక్త (స) జీవించి ఉన్న కాలంలోనే మదీనా నగరం ఒక అభాండంతో కల్లోలపడింది. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (ర) పై కపటులు నింద మోపారు. దానిని పుట్టించినవారు కపటులే. కాని నోటి నుండి నోటికి మోసినవారిలో కొందరు విశ్వాసులు కూడా ఉన్నారు. ఒక నెలపాటు ఆ పుణ్యవతి కన్నీరు ఆగలేదు. చివరకు ఆమె పవిత్రతను ప్రకటిస్తూ నూర్ సూరా వాక్యాలు అవతరించాయి. నాలుకలతో అందుకుని, తెలియని విషయాన్ని నోళ్ళతో పలికి, దానిని స్వల్పమనుకున్నారని, అల్లాహ్ దృష్టిలో అది ఘోరమని ఆ వాక్యాలు మందలించాయి. నాడు నాలుక చేసిన పనిని నేడు బొటనవేలు చేస్తున్నది. అంతే తేడా.

ఇది అతిశయోక్తి కాదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్‌లో దేశమంతా పాకింది. మహారాష్ట్ర ధూలే జిల్లాలోని రాయిన్‌పాడాలో జూలై 1న ఐదుగురు సంచార భిక్షుకులను జనం కొట్టి చంపారు. అదే నెలలో హైదరాబాద్‌కు చెందిన ఒక యువకుడు స్నేహితులతో కలిసి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్ళాడు. దారిలో వారు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అంతలోనే వీరు పిల్లల దొంగలన్న సందేశం వారి కన్నా ముందుగా పక్క ఊరికి చేరింది. ముర్కి గ్రామం వద్ద గుంపు దారి కాచి దాడి చేసింది. ఆపబోయిన పోలీసులూ గాయపడ్డారు. ఆ యువకుడు ప్రాణం కోల్పోయాడు.

ఆ సందేశాన్ని ముందుకు పంపినవారందరూ హంతకులమవుదామని అనుకున్నారా? లేదు. మన పిల్లలు జాగ్రత్త అన్న మంచి ఉద్దేశంతోనే చాలామంది పంపి ఉంటారు. మంచి ఉద్దేశం అబద్ధాన్ని నిజం చేయదు, పోయిన ప్రాణాన్ని తిరిగి తేదు. ఆ సంఘటనల తరువాత ఆ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. కంపెనీ పెట్టిన హద్దు ఐదు. విశ్వాసి హద్దు అంతకన్నా కఠినమైనది: నిజమని తేలనిదానిని ఒక్కరికి కూడా పంపరాదు.

కాబట్టి సందేశం రాగానే మూడు ప్రశ్నలు వేసుకుందాము. ఇది ఎవరు చెప్పారు? ఎప్పటిది? పంపడం వలన ఎవరికి మేలు? ఏళ్ళనాటి ఫొటోలు నేటి సంఘటనలుగా తిరుగుతున్నాయి. కృత్రిమ మేధతో మనిషి ముఖాన్ని, గొంతును కూడా కల్పిస్తున్నారు. కళ్ళతో చూశాను, చెవులతో విన్నాను అన్న మాట కూడా ఇక చాలదు. కోపం రగిలించే సందేశం వచ్చినప్పుడు మరింత నిదానం కావాలి. అది మన వర్గానికి అనుకూలమైనా, ఎదుటి వర్గానికి వ్యతిరేకమైనా నియమం ఒక్కటే.

ధర్మం పేరిట వచ్చే సందేశాల విషయంలో మరీ జాగ్రత్త. దీనిని పదిమందికి పంపితే శుభవార్త వస్తుందని, పంపకపోతే కీడని వచ్చేవాటికి ఆధారం లేదు. దైవప్రవక్త (స) పేరిట ఉద్దేశపూర్వకంగా అబద్ధమాడేవాని నివాసం నరకమని తీవ్రంగా హెచ్చరించబడింది. హదీసు అని కనబడగానే పంపకుండా, తెలిసిన ఆలిమును ఒక్క మాట అడగడం మనకు భారం కారాదు.

ఇతరుల ఏకాంతం అమానతు

అనుమతి పొంది సలాము చెప్పనిదే పరుల ఇళ్ళలో ప్రవేశించవద్దని ఖుర్ఆన్ నేర్పింది. కూపీలు లాగడాన్ని, పరోక్షనిందను నిషేధించింది. నేడు ఇంటికి తలుపు గోడకే లేదు, ఫోనుకూ ఉంది. ఒకరి ఫోనును వారికి తెలియకుండా తెరవడం, నమ్మి చెప్పిన మాటను స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం, పెళ్ళిలో స్త్రీల ఫొటోలను వారి సమ్మతి లేకుండా పంచడం – ఇవన్నీ అనుమతి లేని గృహప్రవేశాలే. ఒక వ్యక్తి మాట చెబుతూ చుట్టూ పరికించి చూశాడంటే, ఆ మాట అమానతు అవుతుందని మనకు బోధించబడింది.

ధనం విషయంలో మెలకువ

ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన వాక్యం అప్పు పత్రాన్ని వ్రాసుకోవడం గురించినదే. లావాదేవీలో స్పష్టత ధర్మంలో భాగమని దీనివలన తెలుస్తున్నది. నేటి లావాదేవీలలో కొన్ని విషయాలు ప్రతి ఇంటా తెలియాలి. యూపీఐ పిన్ డబ్బు చెల్లించడానికే తప్ప, స్వీకరించడానికి అక్కరలేదు. మీకు డబ్బు వస్తుంది, పిన్ నొక్కండి అన్నవాడు మోసగాడు. ఓటీపీని బ్యాంకు పేరు చెప్పినా ఎవరికీ ఇవ్వరాదు. వీడియోలో పోలీసు దుస్తులతో కనిపించి, డిజిటల్ అరెస్టు చేశామని బెదిరించేవాడు దొంగ. అటువంటి అరెస్టు చట్టంలోనే లేదు. మోసపోయినవారు సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బును మార్గమధ్యంలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మరొక ఉచ్చు రుణాల యాప్. నిమిషాలలో అప్పు ఇస్తామంటారు. ఇచ్చే ముందే మన ఫోనులోని నంబర్లన్నీ తీసుకుంటారు. వడ్డీ పెరిగాక బంధువులకు అవమానకర సందేశాలు పంపుతారు. 2020 చివరలో తెలంగాణలో ఈ వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వడ్డీని అల్లాహ్ ఎందుకు నిషేధించాడో ఇంతకన్నా విడమరచి చెప్పనక్కరలేదు. కాని నిషేధమని చెప్పి ఊరుకోవడం సరిపోదు. ఆపదలో ఉన్న పొరుగువానికి వడ్డీ లేని చేబదులు మన మొహల్లాలో దొరికితే, అతడు ఆ యాప్‌ను ఎందుకు తెరుస్తాడు?

యువకులకు ప్రత్యేకంగా ఒక మాట. కమీషను ఇస్తామని, మీ బ్యాంకు ఖాతాను కొద్దిరోజులు వాడుకోనివ్వమని అడిగేవారున్నారు. దోచిన సొమ్ము దాటించడానికే ఆ ఖాతా. ఇచ్చినవాడు నేరంలో భాగస్వామి, ఆ కమీషను హరామ్. ఫోనులో డబ్బు పెట్టి ఆడే పందాలు కూడా జూదమే. పేకముక్కలు తెర మీదికి వచ్చినంత మాత్రాన జూదం పేరు మారదు. 2025లో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

కాలం, సంతానం

ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ తీరిక నేడు తెర మీద జారిపోతున్నది. ఫజ్రుకు లేవలేకపోవడానికి కారణం వెతికితే, చాలా ఇళ్ళలో అది అర్ధరాత్రి చేతిలో వెలుగుతున్న ఫోనే. ఖుత్బా వినే సమయంలో గులకరాళ్ళను తాకడం కూడా వ్యర్థ చేష్టగా ఎంచబడింది. మరి తెరను వేలితో తడమడం ఏమవుతుంది? పిల్లలను మందలించే ముందు తల్లిదండ్రులు భోజన సమయంలో, ఇషా తరువాత తమ ఫోనును పక్కన పెట్టి చూపాలి. కాపరి దారి తప్పి మందను నిందించరాదు.

మన కర్తవ్యం

సోదరులారా! ఈ వారమే ఒక పని మొదలుపెడదాము. మన మస్జిదులో వారానికి ఒక గంట, చదువుకున్న యువకులు పెద్దలకు ఫోనులో సురక్షితంగా డబ్బు పంపడం, మోసాన్ని గుర్తించడం, దరఖాస్తు నింపడం నేర్పాలి. స్త్రీలకు మన చదువుకున్న ఆడబిడ్డలు నేర్పాలి. మతం చూడకుండా వీధిలోని ప్రతి ఒక్కరికీ ఆ తలుపు తెరచి ఉంచాలి.

చివరిగా ఒక మాట. పంపిన సందేశాన్ని అందరి ఫోన్లలో చెరిపివేసే సౌకర్యం నేడు ఉంది. కాని మనిషి పలికే ప్రతి మాట వద్ద సిద్ధంగా ఉండే దైవదూతల లెక్కలో ఆ సౌకర్యం లేదు. అక్కడ చెరిపేది ఒక్క పశ్చాత్తాపమే. మనవలన మరొకరికి హాని జరిగి ఉంటే, ఆ వ్యక్తి క్షమాపణ కూడా కావాలి. చెవి, కన్ను, హృదయం – అన్నీ ప్రశ్నించబడే ఆ రోజున మన వేళ్ళు కూడా సాక్ష్యమిస్తాయి.

ఓ అల్లాహ్! మాకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించు. మా నాలుకలను, మా వేళ్ళను అబద్ధం నుండి కాపాడు. మా చేతుల ద్వారా ఏ నిరపరాధికీ హాని కలుగనీయకు. మా సంపాదనను ధర్మసమ్మతం చేయి, మా కాలంలో శుభం కలిగించు, మా సంతానాన్ని సన్మార్గంలో నడిపించు. వదంతులకు బలైనవారి కుటుంబాలకు ఓర్పును, న్యాయాన్ని అనుగ్రహించు. ఆమీన్.