బావగారితో భోజనం
(వార్షిక సమావేశంలో మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా అనుభవాల గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నయాగరా గురించి, ఎత్తైన మేడల గురించి మీరు ఇప్పటికే చాలామంది నోట విన్నారు. మన పిల్లలు అక్కడ ఉన్నారు కాబట్టి మీలో సగం మంది చూసి కూడా వచ్చారు. అందుచేత నేను ఒక్క భోజనం గురించే చెబుతాను. అది కూడా నేను తినని భోజనం. నవ్వకండి, చివరిదాకా వినండి.

మా రెండోవాడు షికాగో దగ్గర ఉంటాడు. 2012లో అక్కడి అమ్మాయినే చేసుకున్నాడు. ఆ పిల్ల తండ్రి కూడా రైల్వే మనిషే. బర్లింగ్టన్ నార్తర్న్‌లో గూడ్స్ బళ్ల మీద కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. అక్కడ కండక్టరంటే టిక్కెట్లు కొట్టే ఆయన కాదు. గూడ్స్ బండిలో మన గార్డు లాంటివాడు. మన గార్డును కూడా 2022 జనవరి నుంచి 'ట్రైన్ మేనేజర్' అంటున్నారు కదా! నేను మాత్రం గార్డుగానే దిగిపోయాను, గార్డుననే చెప్పుకుంటాను.

పెళ్లినాడు జరిగిన ఒక సంగతి ముందు చెప్పాలి. విందులో ఆవు మాంసం ఉండకూడదని నేను పట్టుబట్టాను. మా ఇంట్లో కోడి, చేప, మేక తింటాం గాని అది ముట్టం. మన సభ్యుల్లో తినేవారూ ఉన్నారు, తిననివారూ ఉన్నారు. ఎవరి ఇంటి ఆచారం వారిది, నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. కాని అది ఆయన కూతురి పెళ్లి, వాళ్ల చుట్టాలంతా వచ్చే విందు. స్టేక్ లేని పెద్ద విందు వాళ్లకు పప్పు లేని పెళ్లి భోజనం లాంటిది. ఆయన ఒక్క మాట అనకుండా సరేనన్నారు. ఆ రోజు ఆయనా, ఆవిడా మన పులిహోర, గుత్తి వంకాయ కూర తిని బాగున్నాయన్నారు. నేను మాత్రం నా మాట నెగ్గిందని మీసం తిప్పుకున్నాను. ఆయన కోరిక ఏమిటని అడగలేదు.

2021లో ఆవిడ పోయింది. 2023 వేసవిలో మేమిద్దరం వెళ్లేసరికి ఆయన సగమయ్యారు. ఇల్లు ఒక ఊళ్లో, కూతురి ఇల్లు ఇంకో ఊళ్లో. ఫ్రీజరులో పెట్టిన తయారు భోజనం వేడిచేసుకుని టీవీ ముందు కూర్చుని తింటున్నారట. ఒకరోజు కోడలు నా దగ్గరకొచ్చి, "మామయ్యగారూ, మా నాన్న బయటకు రావడం లేదు. మీరిద్దరూ రైలు మనుషులు. మీరు పిలిస్తే వస్తారేమో" అంది. అమ్మా, నాన్నా ప్రతి పెళ్లిరోజుకీ వెళ్లి స్టేక్ తినే హోటలు మూతపడిందనీ, ఆ తర్వాత ఆయన ఎక్కడికీ వెళ్లలేదనీ చెప్పింది. నాకు 2012 గుర్తొచ్చింది. ఈ బాకీ తీర్చాలనిపించింది.

అక్కడి సబర్బు అంటే మన ఊరి శివారు లాంటిది కాదు. పచ్చిక, ఇల్లు, మళ్లీ పచ్చిక, మళ్లీ ఇల్లు. వీధిలో నడిచే మనిషి కనబడడు. టీ కొట్టు లేదు. కారు లేనివాడు కాలు లేనివాడే. అయితే షికాగో యూనియన్ స్టేషను నుంచి ఆరోరా దాకా రైలు లైనుంది. డౌనర్స్ గ్రోవ్, లైల్, నేపర్‌విల్ ఆ దారిలోనివే. ఆరోరాలో మన వేంకటేశ్వరస్వామి గుడి ఉంది కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఆ పేరు తెలుసు. ఆ లైను పక్క ఊళ్లలోనే మా వెతుకులాట.

మొదట నాకు పాఠం కావలసివచ్చింది. కాగితం చేతిరుమాలు మీద ఆయన ఆవు బొమ్మ గీసి చెప్పారు. కాళ్లు, మెడ నిత్యం పనిచేసే భాగాలు కాబట్టి అక్కడి మాంసం గట్టిగా ఉంటుంది. దాన్ని గంటల తరబడి ఉడికించాలి. వెన్ను వెంబడి ఉన్న కండ పెద్దగా పనిచేయదు, అందుకే మెత్తన. రిబ్-ఐ, స్ట్రిప్, టెండర్‌లాయిన్ అనే మంచి ముక్కలన్నీ వెన్ను భాగానివే. "పని మానేస్తే మెత్తబడతారన్నమాట, మన పెన్షనర్ల లాగా" అన్నాను. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం అదే మొదలని కోడలు తర్వాత చెప్పింది.

అక్కడ మాంసానికి ప్రభుత్వ తనిఖీ తప్పనిసరి. అప్టన్ సింక్లేర్ 'ది జంగిల్' అనే నవలలో షికాగో మాంసం ఫ్యాక్టరీల మురికిని బయటపెట్టాక 1906లో ఆ చట్టం వచ్చింది. గ్రేడు వేయించుకోవడం మాత్రం కంపెనీల ఇష్టం. ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ అని వరస. కండ మధ్య సన్నని కొవ్వు చారలు ఎంత ఎక్కువుంటే గ్రేడు అంత పెద్దది. మంచి హోటళ్లు మాంసాన్ని కొన్ని వారాలు చల్లటి గదిలో ఆరబెట్టి మగ్గనిస్తాయి. బాగా కాలిన పెనం మీద పడ్డాక పైన గోధుమరంగు పొర కట్టాలి. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించిన మార్పే అది. మన దోసె అంచు ఎర్రబడి కమ్మగా వాసన రావడం వెనుక ఉన్నదీ అదే. లోపల ఎంత ఉడకాలో తినేవారే చెప్పాలి. లోపల ఎర్రగా ఉంటే రేర్, గులాబీరంగైతే మీడియం, రంగంతా పోతే వెల్‌డన్. ముక్క లోపల 145 డిగ్రీల ఫారెన్‌హీట్ (63 సెల్సియస్) వచ్చాక మూడు నిమిషాలు ఆగి తినమని అక్కడి వ్యవసాయశాఖ సలహా. కైమా అయితే 160 రావాలి.

ఇంకో సంగతి మన రైల్వేవాళ్లకు నచ్చుతుంది. షికాగోలో పశువుల పెద్ద యార్డు పెట్టినవి రైలు కంపెనీలే. 1865లో తెరిచి 1971లో మూసేశారు. రాతి ద్వారం ఒక్కటి ఇప్పటికీ ఉంది. ఐసు వేసి చల్లబరిచే వ్యాగన్లు వచ్చాక పశువుల బదులు మాంసాన్నే తూర్పు నగరాలకు పంపారు. ఆ దేశంలో సామాన్యుడి పళ్లెంలోకి స్టేక్ వచ్చిందంటే అందులో గూడ్స్ బండికి వాటా ఉంది.

సరే, వేట మొదలుపెట్టాం. మొదటిది హైవే పక్కన పెద్ద హోటలు. చేతిలో ఒక బిళ్ల పెట్టి, అది మోగినప్పుడు రమ్మన్నారు. నలభై నిమిషాలకు మోగింది. లోపల పాటల మోత, గోడనిండా టీవీలు. ఆయన మీడియం రేర్ అడిగితే బూడిదరంగు చెక్క ముక్క వచ్చింది. తిప్పి పంపమన్నాను. "పాపం, పిల్లలు పనిలో తలమునకలుగా ఉన్నారు" అని అదే తిన్నారు. బయటకొచ్చాక, "బంగాళాదుంప బాగుంది" అన్నారంతే.

రెండోది మా అబ్బాయి చెప్పిన ఖరీదైన చోటు. కారు వాళ్లే తీసుకెళ్లి పెడతారు. ముక్కకు ఒక ధర, దాని పక్కన పెట్టే దుంపకు వేరే ధర, ఆకుకూరకు వేరే ధర. మాంసం మాత్రం మొదటి రకమేనని ఆయన ఒప్పుకున్నారు. కాని సగం వదిలేశారు. "ఇది కంపెనీ డబ్బుతో తినేవాళ్ల చోటు. నా భార్య ఈ మెనూ చూస్తే లేచి ఇంటికి పోయేది" అన్నారు. ఆవిడ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు.

ఇక లాభం లేదని నేను గార్డు పద్ధతిలోకి దిగాను. కొత్త స్టేషనులో మంచి భోజనం ఎక్కడని మనం ఎవరినడిగేవాళ్లం? ఆఫీసర్లను కాదు, పాయింట్స్‌మన్‌ను. ఆయన క్షవరానికి వెళ్లే షాపుకు వెంట వెళ్లాను. 'మంచి హోటలు ఏది' అని అడగలేదు. "అయ్యా, మీ సొంత డబ్బుతో మీ ఆవిడను ఈమధ్య ఎక్కడికి తీసుకెళ్లారు?" అని అడిగాను. ఆ క్షురకుడు కత్తెర ఆపి ఒక పేరు చెప్పాడు. కుర్చీలో ఉన్న ఇంకో పెద్దాయన అవునన్నాడు. కొత్త ఊరికి పోయే మీకందరికీ ఇదే నా సలహా. మంచిది ఏదని అడిగితే విన్నది చెబుతారు. నువ్వెక్కడికి పోయావని అడిగితే నిజం చెబుతారు.

అది రైలు పట్టాల పక్కనే చిన్న హోటలు. పాత చెక్క గోడలు. అరవై దాటిన ఆవిడ వడ్డన. మంగళవారం సాయంత్రం ఐదు గంటలకు వెళ్లాం. అక్కడి వృద్ధులు ఆ వేళకే రాత్రి భోజనం కానిస్తారు. సలాడు, రొట్టె, దుంప అన్నీ ఒకే ధరలో. నేను సలాడు, కాల్చిన దుంప తీసుకున్నాను. మనవాళ్లు జాగ్రత్తపడాలి సుమా! దుంప మీద పంది మాంసం పొడి చల్లుతారు, సీజర్ సలాడులో చేప కలుస్తుంది, సూపులో ఎముకల రసం ఉండవచ్చు. సిగ్గుపడకుండా ముందే అడగండి, మర్యాదగా చెబుతారు. మా ఆవిడ చిన్న సీసాలో ఆవకాయ పెట్టి ఇచ్చింది. వడ్డించే ఆవిడ చూసి చూడనట్టు ఊరుకుంది.

ఆయన పోర్టర్‌హౌస్ అడిగారు. ఇరవైనాలుగు ఔన్సులు, అంటే దాదాపు 680 గ్రాములు. ఇద్దరికి సరిపోయే ముక్క. మధ్యలో 'టి' ఆకారపు ఎముక, ఒకవైపు స్ట్రిప్, రెండోవైపు మెత్తటి టెండర్‌లాయిన్. ఇద్దరం ఉన్నాం కదా అని వడ్డించే ఆవిడ ఖాళీ పళ్లెం కూడా పెట్టింది. ఆయన నిదానంగా ఎముక వెంబడి కోసి, మెత్తటి వైపంతా ఆ పళ్లెంలో వేసి బల్ల మీద నావైపు జరిపారు. జరిపాక చెయ్యి ఆగిపోయింది. నలభై ఏళ్లకు పైగా ఆ ముక్క అలా జరిపిన చెయ్యి అది. ఎదురుగా ఉన్నది నేను.

ఆయన పళ్లెం వెనక్కి తీసుకోబోయారు. "ఉండనివ్వండి బావగారూ. అది ఆవిడ భాగం" అన్నాను. మనం తద్దినం నాడు పోయినవారికి ఇష్టమైనవి వండి, వారి పేరున పెట్టి, ఆ తర్వాతే తింటామని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. కాకికి పెట్టే ముద్ద సంగతీ చెప్పాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "ఇక్కడి కాకులకు సాయంత్రం ఐదింటికి డ్యూటీ ఉండదనుకుంటాను" అన్నారు. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన కళ్లు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను. నా ముందు ఆ మాంసం ఉందన్న సంగతి అప్పుడు నాకు గుర్తే లేదు.

ఇంతలో గూడ్స్ బండి వచ్చింది. ఇద్దరం మాట్లాడకుండా వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాం. నాకు నూటపదకొండు వచ్చాయి, ఆయనకు నూటపన్నెండు. చివర బ్రేకువ్యాను లేదు, గార్డు లేడు. మిణుకుమనే ఎర్రదీపం పెట్టె ఒక్కటే. "ఒకప్పుడు అక్కడ నేనుండేవాణ్ని" అన్నారాయన. "నేనూ" అన్నాను.

మిగిలినది డబ్బాలో కట్టించుకున్నారు. అక్కడ అది నామోషీ కాదు, అందరూ చేసేదే. బిల్లు నేనే ఇచ్చాను. పైన ఇరవై శాతం వడ్డించిన ఆవిడకు. అక్కడ అది బహుమతి కాదు, ఆవిడ జీతంలో భాగమనుకోవాలి. మర్నాడు మధ్యాహ్నం ఆయన ఫోను చేశారు. "బావగారూ" అని తెలుగులోనే పిలిచారు. ఆవిడ భాగం తాను తిన్నానని, బాగుందని చెప్పారు. మేము అక్టోబరులో తిరిగొచ్చేదాకా ప్రతి మంగళవారం వెళ్లాం. ఇప్పుడు ఆయన తన పాత డ్రైవరునొకాయన్ని వెంటపెట్టుకుని వెళుతున్నారు. ఆ డ్రైవరు కూడా ఒంటరే.

మిత్రులారా, ఇదంతా ఎందుకు చెప్పానంటే, మన పేటలోనే భార్యో భర్తో పోయి, ఒక్కరే అన్నం ఉడకేసుకుని నిలబడి తింటున్న సభ్యులున్నారు. పెన్షను వస్తోందా, లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చావా అని అడుగుతాం. అన్నం తిన్నావా అని అడగం. రన్నింగ్ రూములో ఎవరి బియ్యం వాళ్లు తెచ్చుకున్నా, ఒక్కడే కూర్చుని తినేవాడిని మనం చూశామా? పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లం.

కాబట్టి కార్యవర్గానికి నాదొక విన్నపం. ఒంటరిగా ఉన్న సభ్యుల జాబితా తయారుచేయండి. నెలకొకసారి మనలో ఒకరు ఒకరిని భోజనానికి తీసుకెళదాం. ఇడ్లీ అయినా సరే, బిర్యానీ అయినా సరే. మనకు నచ్చింది కాదు, వారికి నచ్చింది అడిగి పెట్టిద్దాం. ఆ ప్రశ్న అడగడం నేర్చుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. మీకు అంత పట్టనక్కరలేదు.

మొదటి పేరుగా నా పేరు రాసుకోండి. సెలవు.