పీడీఎఫ్‌లో పేరు ఉంది, సెర్చ్‌లో లేదు.. ఎందుకు?

ఈ ఎపిసోడ్ మా నాన్న చేత తిట్లు తిన్న కథతో మొదలుపెడతా.

రెండేళ్ల కింద ఒక ఆఫీసు వాళ్లు భూముల జాబితా పీడీఎఫ్‌లో పెట్టారు. "మన పేరు వచ్చిందేమో చూడరా" అన్నారు నాన్న. పేరు తెలుగులో టైప్ చేసి సెర్చ్ కొట్టా. జీరో రిజల్ట్స్. "లేదు నాన్నా" అనేశా. తర్వాత పక్కింటాయన ప్రింట్ తీయించి చూస్తే 37వ పేజీలో ఉంది, సర్వే నంబర్ తప్పుతో సహా. దిద్దించుకునే గడువు నాలుగు రోజుల కిందటే అయిపోయింది! బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన నేను చేసిన ఘనకార్యం ఇది.

ఆ పేరుని కాపీ చేసి నోట్స్‌లో పేస్ట్ చేశా. అన్నీ ఇంగ్లీష్ అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, గీతలు. తెలుగు ఒక్కటీ లేదు.

పీడీఎఫ్‌కి తల్లి లాంటిది పోస్ట్‌స్క్రిప్ట్. 1984లో అడోబీ ప్రింటర్ల కోసం తెచ్చిన భాష. అందులో మామూలు ఫాంట్‌కి 256 గళ్ల ఎన్‌కోడింగ్ టేబుల్ ఉంటుంది. 65 వస్తే ఇంగ్లీష్ 'ఏ' బొమ్మ గీయాలి, అంతే. అది ఏ భాషో ప్రింటర్‌కి అనవసరం. మన పాత డీటీపీ ఫాంట్లు ఆ గళ్లలోనే తెలుగు ముక్కలు పెట్టాయి: తలకట్టు ఒక గడి, ఒత్తు ఒక గడి. మన గుణింతాలన్నీ 256లో పట్టవు కదా మరి. పేపర్ మీద సూపర్‌గా కనిపిస్తుంది. కానీ సెర్చ్ చూసేది నంబర్లని. యూనికోడ్‌లో 'క' అంటే 3093. ఆ ఫైల్‌లో ఆ నంబరే లేదు.

"యూనికోడ్ ఫాంట్ వాడితే సరిపోతుంది కదా అన్నా?" అంటారు. సగమే. పీడీఎఫ్ లోపల సాధారణంగా బొమ్మల నంబర్లే ఉంటాయి. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే 'టూయూనికోడ్' టేబుల్ విడిగా ఉండాలి. అది ఉన్నా, 'స్త్రీ' తీసుకోండి. టైప్ చేసేటప్పుడు స, త, ర, చివర్లో గుడిదీర్ఘం. గీసేటప్పుడు ఆ గుడిదీర్ఘం వెళ్లి 'స' నెత్తిన కూర్చుంటుంది, ఒత్తులు తర్వాత. అందుకే కాపీ చేస్తే 'సీ' ముందొచ్చి మిగతావి చెల్లాచెదురవుతాయి. అసలు అక్షరాలు దాచడానికి 'యాక్చువల్‌టెక్స్ట్' అనే ఏర్పాటు పీడీఎఫ్‌లోనే ఉంది. ఫైల్ తయారుచేసేవాళ్లు వాడితేగా!

కాబట్టి ఏ జాబితా వచ్చినా ముందు కళ్లకు కనిపించే ఒక పేరుని కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. చెత్త వచ్చిందా, సెర్చ్ మర్చిపోండి. పేజీలు ఒక్కొక్కటీ తిప్పండి, లేదంటే సర్వే నంబర్‌తో వెతకండి. అంకెలు చాలాసార్లు దొరుకుతాయి. నాన్నది నాకు అలాగే దొరికింది, కాకపోతే లేటుగా.