కోతకు ముందరి కృతజ్ఞత

శరదృతువున క్రైస్తవ కుటుంబము తన యింట నెట్టి భక్తికార్యములు జరుపుకొనవలెనో చెప్పుమని నన్ను గోరినారు. బహుకాలము బడిలో వ్యాకరణము చెప్పినవాడను గనుక మొదట మాటయొద్ద నిలుచుట నా యలవాటు, క్షమింపుడు. అమరకోశమున శరత్తను శబ్దము ఋతువునకే గాక సంవత్సరమునకును పేరై యున్నది.

ఆంగ్లదేశమున నీ ఋతువు కోతల కాలము. 1843వ సంవత్సరమున కార్న్‌వాల్ తీరమందలి మార్వెన్‌స్టో గ్రామములో రాబర్ట్ స్టీఫెన్ హాకరను పాదిరి తన దేవాలయమున పంటకై కృతజ్ఞతారాధన జరిపెను. నేటి కోతపండుగ దానినుండియే వ్యాపించెనని చెప్పుదురు. ధాన్యము గాదెకెక్కిన పిదప జరుగు పండుగ యది. మన కృష్ణా గోదావరీ మండలములందో, ఆశ్వయుజ కార్తికములలో సార్వా వరి పొట్టమీద నుండును, లేదా ఈనుచుండును. కోత చాలవరకు ఆ పిమ్మటిది. తుపానులు వచ్చునదియు నీ నెలలలోనే. కావున వారి శరత్తు చేతికందినదానికి వందనము చెప్పు కాలము. మనది ఇంకను చేతికందనిదానికై దేవుని నమ్ముకొను కాలము. ఈ భేదమును గుర్తింపక వారి పండుగను పుస్తకమునుండి దించుకొని పిల్లలచేత జరిపించినచో నది నాటకమగును.

మరి యేమి చేయవలెను? మా అమ్మ బియ్యము కొలిచిన ప్రతి పూటయు, ఎసటిలో పోయుటకు ముందు, పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసెడిది. ఆదివారమున నా బియ్యము గుడికి పోయెడిది. పిడికెడు బియ్యమని తెలుగు సంఘములలో దీనికి పేరు. చేత కాసులేని కూలివారును ఇయ్యగల కానుక యిది.

1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచెను. వేలకొలది జనులు మరణించిరి. మా యూరు సముద్రమునకు దూరము. ప్రాణములు దక్కినవి గాని, ఇంటికప్పు లేచిపోయెను, ఈనిన వరి నేలకొరిగి నీట మురిగెను. నాకప్పుడు పదునాలుగేండ్లు. కొన్నాళ్లకు సహాయముగా బియ్యము పంచిరి. అమ్మ ఆ బియ్యమునుండియు పిడికెడు తీసినది.

నాన్నకు కోపము వచ్చెను. "ఇది మనకు ధర్మంగా వచ్చిన బియ్యం గదే! దీంట్లోంచి మళ్లీ ధర్మమా?" అనెను. ఆకలిగొన్న నాకును నాన్న మాటయే న్యాయముగా తోచినది. అమ్మ కొంతసేపు పలుకలేదు. తరువాత, "దక్షిణాన మనకన్నా లేనివాళ్లున్నారయ్యా" అన్నది, అంతే. నాన్న ఆ పూట భోజనమునకు లేవలేదు. ఆదివారమున కుండను తానే గుడికి మోసికొనిపోయెను. సారెపతు విధవరాలు తన తొట్టిలోని కొద్దిపిండితో ఏలీయాకు రొట్టె చేసిన కథను పిమ్మట ఎన్నో మారులు చదివితిని. ఆ పిడికెడును చూచియుండనిచో నాకది కథగానే మిగిలియుండెడిది.

ఇంత తెలిసియు నా పిల్లలకు నేను చేసినదేమి? ఉద్యోగమునకై పట్టణము చేరితిమి, కుండ పోయినది. సాయంకాల ప్రార్థనలో గంటసేపు వాక్యమునకు ప్రతిపదార్థము చెప్పెడివాడను. పిల్లలు గోడకానుకొని నిద్రపోయెడివారు. ఇప్పుడు మనుమరాలిచేత ఒక డబ్బాలో బియ్యము వేయించుచున్నాను. దాని పిడికిలి చిన్నది. "తాతయ్యా, ఇంకోటి వేయనా?" అని యడుగును.

పొలమున్నవారు పిల్లలను గట్టుమీదికి తీసికొనిపోయి, ఈనిన వెన్నును చూపి, అచ్చటనే ప్రార్థింపుడు. పంట నిమ్మని బేరమాడుట కాదు, పొలమును దేవునికప్పగించుట. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయమున పర్ణశాలల పండుగ ఏడు దినములని యున్నది. దానిని తలంచుకొని పెరటిలో తాటాకు పందిరి వేసి యొక రాత్రి అందు భుజించుట పిల్లలకు వేడుక. అయితే ఆ పండుగలో పరదేశిని, తండ్రిలేనివానిని, విధవరాలిని కూర్చుకొనవలెనని ఆజ్ఞ. విస్తళ్లలో ఒకటి అట్టివారిది కానిచో ఆ తాటాకు దండుగ.

నవంబరు 2వ తేదీన మనలో పలువురు సమాధుల పండుగ జరుపుదురు. సున్నము వేయుటకు కూలివానిని పంపి చేతులు దులుపుకొనవద్దు. గడ్డిని పిల్లలచేతనే పెరికింపుడు. అచ్చట నిద్రించువారి పేర్లు చెప్పుడు, వారేమి చేసిరో చెప్పుడు. మా అమ్మ సమాధి పొలముల ప్రక్కనే యున్నది, గాలి యెక్కువ. క్రొవ్వొత్తి యారిపోకుండ అడుగు తీసిన డబ్బా యొకటి వెంట తీసికొనిపోవుదుము.