పేగుల్లోని బాక్టీరియా, క్యాన్సర్‌తో పోరు
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



సుబ్బారావు గారిని తలచుకునే సభలో పేగుల ప్రస్తావన సముచితమే. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులను పొట్టన పెట్టుకుంది. దాని మందు కోసం సాగిన అన్వేషణే ఆయనను ఫోలిక్ ఆమ్లం దాకా నడిపించింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, యాంటీబయోటిక్ ఆరియోమైసిన్ ఆయన నాయకత్వంలోనే వెలువడ్డాయి. పేగులు, యాంటీబయోటిక్, క్యాన్సర్: ఈ మూడింటి మధ్య ఉన్న లంకె ఎంత లోతైనదో ఆయన కన్నుమూసిన (1948) ఎన్నో దశాబ్దాలకు గానీ తెలియలేదు.

మన ఒంట్లోని టి కణాలు అనే రోగనిరోధక కణాలు క్యాన్సర్ కణాలను చంపగలవు. క్యాన్సర్ వాటికి కళ్లెం వేస్తుంది. ఆ కళ్లెం తప్పించే మందులకు (ఇమ్యునోథెరపీకి) బాట వేసిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ దక్కింది. కానీ ఒకరిని బతికించిన మందే పక్క మంచంలోని రోగికి పనిచేయదు. ఎందుకని?

జవాబు కోసం షికాగోలో థామస్ గజెవ్‌స్కీ బృందం 2015లో ప్రచురించిన ప్రయోగం చూడండి. రెండు వేర్వేరు సంస్థల నుంచి ఒకే జాతి ఎలుకలను తెచ్చి, చర్మం కింద మెలనోమా (చర్మ క్యాన్సర్) కణాలు ఎక్కించారు. ఒక చోటి ఎలుకల్లో గడ్డ మెల్లగా పెరిగింది, రెండో చోటివాటిలో జోరుగా. ముందే వాటిని కలిపి ఒకే బోనులో పెంచితే ఆ తేడా మాయమైంది! ఎలుకలు ఒకదాని పెంటికలు ఇంకొకటి తింటాయి. బాక్టీరియా ఆ దారినే చేరింది. బైఫిడోబాక్టీరియం అనే బాక్టీరియాను నోటి ద్వారా ఇస్తే గడ్డ పెరుగుదల తగ్గింది. దానికి టి కణాల కళ్లెం తప్పించే పీడీ-ఎల్1 నిరోధక మందు కూడా తోడైతే దాదాపు ఆగిపోయింది. శత్రువు ఆనవాలును టి కణాలకు చూపించే డెండ్రిటిక్ కణాలను ఆ బాక్టీరియా చురుకుగా చేసింది.

మనుషుల్లోనూ ఆధారాలు దొరికాయి. మందు పనిచేసిన వారి మలాన్ని, అది పనిచేయని మెలనోమా రోగుల పేగుల్లోకి ఎక్కించి, మళ్లీ అదే రకం మందు ఇచ్చారు పిట్స్‌బర్గ్ వైద్యులు. 15 మందిలో ఆరుగురికి మేలు జరిగింది. చిన్న అధ్యయనమే, అయినా దారులన్నీ మూసుకుపోయిన రోగులు వాళ్లు. దీన్ని తేలిగ్గా తీసుకోలేను.

అలాగని మెడికల్ షాపులో ప్రొబయోటిక్ కొనుక్కోమని నేను చెప్పను. ఏ బాక్టీరియా మేలుచేస్తుందన్న దానిపై ఒక్కో ప్రయోగశాల ఒక్కో పేరు చెబుతోంది. ఎలుకల్లోనైతే కొన్ని ప్రొబయోటిక్‌లు చికిత్సను దెబ్బతీశాయి కూడా. తిండి మాటకొస్తే, పీచు ఎక్కువ తినే మెలనోమా రోగుల్లో ఇమ్యునోథెరపీ మందులు మెరుగ్గా పనిచేసినట్టు 2021లో ఒక అధ్యయనం చూపింది. పప్పులు, ఆకుకూరలు, జొన్నలు, కొర్రలు మన వంటింటికి కొత్తవి కావు. డాక్టరు వద్దననంత వరకు వాటిని మానకండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, పేగుల్లోని బాక్టీరియాను కూడా చంపే యాంటీబయోటిక్‌ల వాడకం. ఇమ్యునోథెరపీ మందులు మొదలుపెట్టడానికి రెండు నెలల ముందు నుంచి మొదలుపెట్టాక ఒక నెల వరకు యాంటీబయోటిక్ వాడిన రోగులు తక్కువ కాలం బతికారని 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపారు. ప్రాణం మీదికొచ్చిన ఇన్ఫెక్షన్‌కు వాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. జలుబుకూ ఒళ్లునొప్పులకూ చీటీ లేకుండా కొని మింగడం వేరు. ఇమ్యునోథెరపీ మొదలుపెట్టే ప్రతి రోగి కేస్ షీట్‌లోనూ ‘గత రెండు నెలల్లో ఏ యాంటీబయోటిక్ వాడారు, ఎందుకు?’ అన్న ప్రశ్న ఉండాలని ఈ సభలోని వైద్యులందరినీ కోరుతున్నాను.