చీకట్లో పెట్టిన ప్లేటు
(ప్రసంగ పాఠం)



కిందటి మహాసభల్లో భోజనాల దగ్గర ఒక పెద్దాయన "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగారు. "వెలుతురుతో మందులు తయారుచేసే దారులు వెతుకుతుంటానండీ" అన్నాను. "మా అమ్మ ఎండలో మాగాయ పెట్టినట్టా?" అన్నారాయన. అందరం నవ్వుకున్నాం. కాని నా వృత్తిలో అసలు చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మాగాయ ముక్కను ఆరబెట్టేది ఎండలోని వేడి. మాకు కావలసింది వెలుగు.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఇటలీ శాస్త్రవేత్త చామిచాన్ బొలోన్యా విశ్వవిద్యాలయం డాబా మీద గాజుసీసాలు ఎండలో పెట్టి పరిశోధనలు చేశారు. పొగగొట్టాలు లేని పరిశ్రమలు వస్తాయని 1912లోనే చెప్పారు. అయితే ఏ పదార్థాన్ని దేనితో కలిపితే వెలుగు పనిచేస్తుందో ఒక్కొక్కటిగా చూస్తే జీవితం చాలదు. అందుకే జల్లెడ పడతాం. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వంలో లెడర్లీ పరిశోధనశాలలో డగ్గర్ ఎన్నో చోట్ల మట్టి నమూనాలను జల్లెడ పట్టే ఆరియోమైసిన్ కనుగొన్నారు.

మా జల్లెడ అరచేతిలో పట్టే ప్లేటు. ఎనిమిది వరుసల్లో పన్నెండేసి, మొత్తం 96 గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో మిశ్రమం. కింద నీలి ఎల్‌ఈడీ దీపాలు. సాయంత్రం వెలిగిస్తే తెల్లారేసరికి 96 జవాబులు. ప్రిన్స్‌టన్‌లో మాక్‌మిలన్ బృందం ఇలా మామూలు రసాయనాలను కలిపి చూస్తూ, ఎవరూ ఊహించని ఒక చర్యను 2011లో ప్రకటించింది.

ఇక నా సంగతి. ఒకసారి మా ప్లేటులో మూల గుంట బ్రహ్మాండంగా పనిచేసింది. సంబరపడి పైవాళ్లకు చెప్పేశాను. తీరా పెద్ద సీసాలో చేస్తే ఏమీ రాలేదు. ఆరు వారాలు తలలు పట్టుకున్నాం. చివరికి మా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి బెరుగ్గా అడిగింది: "చీకట్లో పెట్టి చూశారా సార్?"

చూడలేదు! అదే మిశ్రమాన్ని అల్యూమినియం రేకు చుట్టి, అంతే వెచ్చగా ఉంచాం. వెలుగు లేకుండానే చర్య జరిగిపోయింది. ఆ మూల దీపానికి మరీ దగ్గరై కాగిపోయిందన్నమాట. పెద్ద సీసాకేమో ఫ్యాను పెట్టి చల్లబరిచాం. పైవాళ్ల దగ్గరకు మళ్లీ వెళ్లి తప్పు ఒప్పుకోవడం తేలిక కాలేదు.

ఆనాటి నుంచి మా దగ్గర వెలుగు ప్లేటు పక్కన చీకటి ప్లేటు లేనిదే ఏ ఫలితమూ నోట్‌బుక్‌లోకి ఎక్కదు. ఇక్కడున్న పిల్లలకు నేను చెప్పేదొక్కటే. వేగంగా వచ్చిన జవాబును వేగంగా నమ్మకండి. పెద్దలున్నారని ప్రశ్న మింగేయకండి. ఆ అమ్మాయి ఇంకొంచెం ముందే అడిగి ఉంటే మాకు ఆరు వారాలు మిగిలేవి. ఆమె బెరుకుకు కారణం నేనే.