ఇంటిలో పండ్లు తెలుపు చేసికొనుట

తెల్లవారి లేవగానే పండ్లు తోముకొనుట మన ఇండ్లలో మొదటి పని. వేపపుల్ల, కచ్చిక, ఉప్పు, బొగ్గుపొడి వీనితో పెరిగినవారము మనము. కావుననే పండ్లు తెల్లగా లేనిచో మరికొంత గట్టిగా తోమిన చాలునను తలంపు మనలో పాతుకొనిపోయినది. పండ్లు తెలుపు చేయుడని దంతవైద్యులమైన మాయొద్దకు వచ్చువారిలో పలువురు అప్పటికే వానిని అరగదీసికొని వచ్చినవారే.

మా తమ్ముని కుమార్తె సంగతియే చెప్పెదము. ఆమె పుట్టి పెరిగినది కనిగిరి ప్రాంతపు పల్లెలో. ముందరి పండ్లపై గోధుమరంగు చారలు. నవ్వు వచ్చినప్పుడు చేయి తనంత తానే నోటికి అడ్డము పోవును. పెండ్లిచూపులు దగ్గరపడినవని నెల దినములు నిమ్మరసము, ఉప్పు కలిపి రుద్దినదట. చారలు పోలేదు. "పెదనాన్నా, చన్నీళ్ళు తగిలితే పళ్ళు జివ్వుమంటున్నాయి" అనుచు మాయొద్దకు వచ్చినది. చేతిసంచిలో, ఫోనులో చూచి తెప్పించుకొన్న తెల్లబరచు మందు సీసా యొకటి. దానిలో ఏ మందు ఎంత పాలు కలదో పైన ఎక్కడను వ్రాసి లేదు.

పంటికి రంగు ఎక్కడనుండి వచ్చును? పైపొరయైన ఎనామెల్ వెలుతురును కొంతవరకు తనగుండ పోనిచ్చును. దాని క్రింది డెంటిన్ సహజముగనే కొంత పసుపు. వయస్సుతో ఎనామెల్ పలుచనగును, డెంటిన్ ముదురును. పండ్లు అట్లు పచ్చబారుట రోగము కాదు. నిమ్మరసములోని ఆమ్లము ఎనామెల్‌ను మెత్తబరచును. మెత్తబడినదానిని ఉప్పుతో రుద్దినచో అరగును. తెలుపు కొరకు తోమినకొలది లోని పసుపే బయటపడునన్నమాట. పొగాకు, తాంబూలము, కాఫీల మరకలును గారయు పైపైనివి. వైద్యుడు శుభ్రము చేసినచో పోవును. లోపలి రంగు తోముటకు లొంగదు.

మా పిల్ల పండ్ల చారలు ఆ లోపలి జాతివి. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఎనామెల్ ఏర్పడు పసితనమున అంతకు మించిన నీరు త్రాగినచో అది సరిగా గట్టిపడదు. సుద్దవంటి మచ్చలు, పిదప గోధుమ చారలు కనబడును. 1937లోనే షార్ట్ మున్నగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి ప్రకటించిరి. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోనివే. ఇక నల్లగొండ మాట చెప్పనక్కరలేదు. పండ్లు చూచి ఊరు పేరు చెప్పు పరిహాసమునకు ఆ ప్రాంతముల యువతీయువకులు ఎంత కుమిలిపోవుదురో మేమెరుగుదుము.

ఇట్టివారికి కొంత ఆశ చూపునది ఇంటిచికిత్స. ఇది పుట్టిన తీరు వింతైనది. 1960ల చివర, అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రపు ఫోర్ట్ స్మిత్ పట్టణమున, వంకరపండ్లను సరిచేయు వైద్యుడైన క్లుస్‌మైయర్ చిగుళ్ళ వాపునకు క్రిమిసంహారక మందొకటి ఇచ్చి, పండ్ల తొడుగులో వేసి రాత్రి పెట్టుకొనుడనెను. చిగుళ్ళు బాగుపడెను, పండ్లును తెల్లబడెను! ఆ మందులోనిది 10 శాతము కార్బమైడ్ పెరాక్సైడు. 1989లో హేవుడ్, హేమన్ అను వైద్యులు ఈ పద్ధతిని ప్రకటించిన పిదప లోకమున వ్యాపించెను.

వైద్యుడు ముందు పిప్పి, పగుళ్ళు, చిగుళ్ళ వ్యాధి లేవని చూచుకొనును. పిదప పండ్ల అచ్చు తీసి, దానినుండి ప్లాస్టరు ప్రతిమ పోసి, దానిపై వేడిచేసిన పలుచని ప్లాస్టిక్ రేకును దింపి చిగురు అంచున కత్తిరించును. ఇదియే తొడుగు. రాత్రి పండ్లు తోముకొని, అందులో ఒక్కొక్క పంటిచోట చిన్న చుక్క మందు వేసి తొడిగికొని నిద్రింపవలెను. నోటిలో ఆ మందు విడిపోయి సుమారు 3.5 శాతము హైడ్రోజన్ పెరాక్సైడును, యూరియాను ఇచ్చును. పెరాక్సైడు డెంటిన్ వరకు దిగి రంగుగల అణువులను విడగొట్టును. ఇందు అరగదీయుట లేదు. మామూలు పసుపునకు రెండు మొదలు ఆరు వారములు. ఫ్లోరైడు చారలకు అంతకన్న ఎక్కువ. చిన్ననాట టెట్రాసైక్లిన్ వాడినందున కలిగిన రంగునకు నెలలు పట్టును.

పండ్లు జివ్వుమనుట సామాన్యము. ఒకటి రెండు రాత్రులు మానినచో తగ్గును. పొటాషియం నైట్రేటు గల పేస్టు కూడ మేలు చేయును. మందు ఎక్కువ వేసినచో చిగురు కాలును. ఘాటు పెంచినచో వేగము హెచ్చును, బాధయు హెచ్చును. తుదకు వచ్చు తెలుపు ఇంచుమించు ఒక్కటే. కట్టించిన పండ్లు, తొడుగులు, పిప్పికి నింపిన సిమెంట్లు రంగు మారవు. గర్భిణులు ఈ చికిత్సను వాయిదా వేసికొనుట మంచిది. ఒక్క పన్ను మాత్రమే నల్లబడినచో లోని నరము చచ్చియుండవచ్చును. ఎక్స్‌రే తీయక దానిని తెల్లబరచుట రోగమును కప్పిపుచ్చుటయే.

ఐరోపా సమాఖ్య దేశములలో 2012 నుండి ఒక కట్టుబాటు కలదు. 0.1 శాతము మించి 6 శాతము వరకు పెరాక్సైడు గల మందులను దంతవైద్యులకే అమ్మవలెను. ప్రతి విడతలో మొదటి వాడుక వారి చేతిమీదుగనో పర్యవేక్షణలోనో జరుగవలెను. 18 ఏండ్ల లోపువారికి వాడరాదు. వ్యాపారులకు నచ్చినను నచ్చకున్నను మాకు నచ్చినది.

మా పిల్ల తెచ్చిన సీసాను మేము బల్లసొరుగులో పెట్టివేసితిమి. పెండ్లిచూపులకు మందు పనిచేయు వ్యవధి లేకపోయెను, చారలతోనే కూర్చున్నది. ఆ సంబంధము కుదరలేదు. కారణము పండ్లని ఎవరును అనలేదు, కాదనియు అనలేదు. జివ్వుమనుట తగ్గిన పిదప తొడుగు చేసి ఇచ్చితిమి. మొదటివారము తెల్లమచ్చలు మరింత కొట్టవచ్చినట్లు కనబడగా ఫోనులో ఏడ్చినది. అట్లగుట కద్దని మేము ముందే చెప్పియుండవలసినది. పదవ వారమునకు గోధుమ చారలు చాలవరకు వెలిసినవి. తెల్లమచ్చలు కొన్ని మిగిలినవి. నవ్వినప్పుడు చేయి ఇప్పటికిని సగము దూరము లేచి ఆగుచున్నది.

ఆమె అన్న కుమారునికి ఇప్పుడు రెండేండ్లు. వాని కొరకు ఆ ఇంటివారు బావినీరు మాని, శుద్ధిచేసిన నీటిని బిందెలతో తెచ్చుకొనుచున్నారు.