చేను కాపలా తుపాకీ: క్యాపు సంగతి

(శ్రీకూర్మంలో జరిగిన సంఘం సమావేశంలో ఒక సీనియర్ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్న కూర్మనాథస్వామి గుడికెళ్లి, ఆవరణలో నక్షత్ర తాబేళ్లను కాసేపు చూసి వచ్చాను. దానికి దేవుడు డిప్ప ఇచ్చాడు. మన చేనుకి అలాంటిదేమీ ఇవ్వలేదు. అందుకే మంచె ఎక్కి రాత్రంతా కూర్చుంటున్నాం. నాది కొండవార ఊరు. మొక్కజొన్న కండె పాలుపోసుకునే రోజుల్లో అడవి పందుల గుంపు దిగిందంటే, తెల్లారేసరికి తిన్నదానికంటే తొక్కి పడేసిందే ఎక్కువ కనిపిస్తుంది.

పంట కాపలాకి లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు మనలో కొద్దిమందే. అయినా కిందటి సమావేశంలో ఇద్దరు ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారు. "గురి కుదరట్లేదు, మంచి క్యాపు ఏది?" అని. దాని గురించి నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఒక మాట. మన చేతుల్లో ఉన్నవి గొట్టం మూతి నుంచి మందు పోసి, పీచు కుక్కే తుపాకీలు. గొట్టం లోపల నున్నగా ఉంటుంది, మర గాడులు ఉండవు. ఏ క్యాపు పెట్టినా అది రైఫిల్ అయిపోదు. క్యాపు చేసే పని ఒక్కటే: సుత్తి పడిన క్షణానే, ప్రతిసారీ ఒకేలాగా, మందుకి నిప్పు అందించడం. ఈ "ప్రతిసారీ ఒకేలాగా" అన్నదాంట్లోనే గురి ఉంది, మన ప్రాణమూ ఉంది.

ఈ క్యాపు కథ పుట్టింది కూడా వేటగాడి ఇబ్బందిలోంచే. స్కాట్లాండ్‌లో ఫోర్సిత్ అనే చర్చి పాస్టరు ఉండేవాడు. ఆయనకి బాతుల వేట సరదా. అప్పటి తుపాకీలు చెకుముకి రాయి నిప్పుతో పేలేవి. రాయి దగ్గర ముందు మెరుపు వచ్చేది, ఆ తరవాత గుండు బయల్దేరేది. ఆ మెరుపు చూసి బాతులు లేచిపోయేవి. ఆ ఆలస్యం పోగొట్టాలని, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో నిప్పంటించే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంట్ తీసుకున్నాడు. మనం వాడే చిన్న రాగి మూత ఆ తరవాత కొన్నేళ్లకి వచ్చింది. ఇన్నేళ్లయినా బాధ అదే. ట్రిగ్గరు లాగడానికీ గుండు బయటపడడానికీ మధ్య ఆలస్యం ఉంటే చెయ్యి కదులుతుంది, గురి పోతుంది.

నాకు జరిగింది చెబుతాను. కార్తీకంలో ఒక రాత్రి, పందుల్ని బెదరగొడదామని గుండు లేకుండా మందు, పీచు మాత్రమే దట్టించాను. క్యాపులు రెండు వానాకాలాలు గూట్లో మూత సరిగా లేని డబ్బాలో ఉన్నవి. లాగాను. క్యాపు 'టిక్' మంది, తుపాకీ మాత్రం పేలలేదు. తన్నేసిందనుకుని మూతి కిందికి దించాను. అప్పుడు పేలింది. మంచె చూరుకి బొక్క పడింది. నిచ్చెన ఎక్కుతున్న మా బావమరిది భుజం మీద చొక్కా కాలింది. గుండు ఉండుంటే మా చెల్లెలికి నేనేం మొహం చూపించేవాణ్ణి? ఇప్పటికీ ఆ చొక్కా దాచి ఉంచాడు. పండక్కి వెళ్తే తీసి చూపిస్తాడు.

అందుకే క్యాపు పేలి తుపాకీ పేలకపోతే, మూతిని మనిషి లేని వైపు ఉంచి, కనీసం ఒక నిమిషం కదలకండి. తొంగి చూడకండి. వెంటనే ఇంకో క్యాపు పెట్టకండి.

ఇక ఎంచుకోవడం. క్యాపులకి సైజులు ఉంటాయి, 10, 11 అని. మీ తుపాకీ నిప్పిల్‌కి ఏది సరిపోతుందో అదే మీది, పక్కవాడిది కాదు. బొటనవేలితో నొక్కితే అడుగుదాకా వెళ్లి పట్టుకుని ఉండాలి. వదులైతే మంచె ఎక్కేలోపే రాలిపోతుంది. బిగువైతే సగంలో ఆగుతుంది, మొదటి దెబ్బ దాన్ని కిందికి దించడానికే సరిపోతుంది, రెండో దెబ్బకి గాని పేలదు. "రెండోసారికి పేలుతోంది, క్యాపులు నాసిరకం" అని చాలామంది అంటారు. చాలాసార్లు తప్పు క్యాపుది కాదు, దెబ్బలు తిని నెత్తి చదునైపోయిన నిప్పిల్‌ది. దాన్ని లైసెన్సు ఉన్న తుపాకీ మెకానిక్కు దగ్గర మార్పించండి. వదులు క్యాపుని పంటితో నొక్కేవాళ్లని చూశాను. ఆ పని చెయ్యకండి, అది పేలుడు పదార్థం.

బలమైన క్యాపు అయితే గురి బాగా వస్తుందనే నమ్మకం ఒకటి ఉంది. అమెరికాలో ఈ రకం తుపాకీలతో, గాడులున్న గొట్టాలతో వేటాడేవాళ్లు ఎక్కువ. వాళ్లలో చాలామంది తూటా తుపాకీకి వాడే 209 అనే పెద్ద ప్రైమరు వాడతారు. దాని తాకిడి ఎక్కువైతే మందు పూర్తిగా అంటుకోకముందే గుండుని కొంచెం ముందుకు నెట్టేస్తుందనీ, దాంతో గురి చెదురుతుందనీ గమనించి, వాళ్ల కోసం కంపెనీలు మెతక రకాలు తయారు చేశాయి. మన మామూలు మందు తేలిగ్గా అంటుకునేదే. దానికి మెతక నిప్పు చాలు. నిప్పు పెరుగుతుందని నిప్పిల్ రంధ్రం పెద్దది చేయించారో, మంట వెనక్కి, మీ కంటి వైపు తన్నుతుంది. అగ్గిపుల్ల మందుతో సొంతంగా క్యాపు కట్టడం అంతకంటే ప్రమాదం. అది ఎప్పుడు ఎంత బలంగా పేలుతుందో చేసినవాడికీ తెలీదు.

ఒకే కంపెనీ, ఒకే సైజు కొనండి. మందు ఒకే కొలత, పీచు ఒకే మోతాదు, కడ్డీతో ఒకే బిగువు. ఇవి మారుతూ ఉంటే క్యాపుని తిట్టి లాభం లేదు. మన సముద్రపు గాలికి తేమే మొదటి శత్రువు. క్యాపుల్ని బిగుతు మూత డబ్బాలో, ఎరువుల గదికీ వంటింటికీ దూరంగా, పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టండి. కాల్చిన రోజే గొట్టాన్ని వేడి నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి నూనె రాయండి. మిగిలిన మసి తేమ పీల్చి నిప్పిల్ దారిని మూసేస్తుంది. మళ్లీ వాడేముందు, మందు పొయ్యలేదని కడ్డీ దించి నిర్ధారించుకుని, మూతి దగ్గర నేల మీద ఎండుటాకు పెట్టి ఉత్త క్యాపు కొట్టండి. ఆకు కదిలితే దారి శుభ్రంగా ఉన్నట్టు.

ఇదంతా లైసెన్సు ఉన్నవాళ్లకి చెప్పింది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో నిజమైన పంట రక్షణకి మూతి నుంచి మందు పోసే తుపాకీ లైసెన్సు గురించి పేరు పెట్టి రాసి ఉంది. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. కానీ లైసెన్సు ఉంటే పందిని కాల్చెయ్యొచ్చని కాదు. 2022 సవరణ తరవాత అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది. నిలబడి ఉన్న పంటకి నష్టం చేస్తుంటే 11వ సెక్షన్ కింద అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ కాగితం లేకుండా కాలిస్తే కేసు మన మీదే. మన్యం వైపు తిరిగే ఏనుగుల మీదికైతే తుపాకీ ఎత్తనే వద్దు.

కేరళ ప్రభుత్వం 2022లో ఈ అనుమతి ఇచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా తెచ్చింది. కేంద్రం 2015లో బీహార్‌లో, 2016లో ఉత్తరాఖండ్‌లో కొన్ని ప్రాంతాలకి, కొంత కాలానికి అడవి పందిని హానికర జంతువుగా ప్రకటించింది. మనకి మాత్రం అర్జీ పెట్టి తిరగడమే. తిరగలేక కొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. ఆ తీగకి పందీ ఒకటే, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చే పక్క చేను మనిషీ ఒకటే. తీగ కట్టేవాడిని తిట్టి ఊరుకుంటే చాలదు. అనుమతి వారంలో వచ్చేలా, నష్టపరిహారం ఆ పంట కాలంలోనే చేతికందేలా మనం అడగాలి.

లైసెన్సు ఉన్నవాళ్లు ఇవాళ ఇంటికెళ్లగానే గడువు తేదీ చూసుకోండి. ఆ తేదీ, మీ క్యాపు సైజు, ఈ ఏడాది పందుల వల్ల పోయిన విస్తీర్ణం, మూడూ ఒక కాగితం మీద రాసి మండల కార్యదర్శికి ఇవ్వండి. అన్నీ కలిపి కలెక్టరు గారి దగ్గరికి పట్టుకెళ్దాం. నేనూ వస్తాను.